పేర్లు తీసేస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

వ్యక్తిగత డేటా చట్టం మీద మీ పత్రికలో వస్తున్న వార్తలు వదలకుండా చదువుతున్నాను. జరిమానా ఎన్ని కోట్ల దాకా వేయొచ్చు, కంపెనీలు సమ్మతి ఎలా తీసుకోవాలి, పిల్లల ఖాతాల సంగతి ఏంటి, ఇవన్నీ వస్తున్నాయి. నా ఉద్యోగంలో దాదాపు రోజూ ఎదురయ్యే ఒక విషయం మాత్రం ఎక్కడా కనపడటం లేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, కత్తిరించుకునే హక్కు మీదే.

నేను ఒక వైద్య పరిశోధన విభాగంలో స్టాటిస్టిషియన్‌ని. రోగుల రికార్డుల నుంచి పరిశోధకులకు కావాల్సిన ఫైళ్లు తయారు చేసి ఇవ్వడం, బయటి నుంచి వచ్చిన ఫైళ్లు సరిచూసి లెక్కలు కట్టడం నా పని. ఏ ఫైలు చేతికొచ్చినా మొదట ఒకటే అడుగుతాను: ఇందులో ఉన్నవాళ్లు ఎవరెవరో తెలిసిపోయే ప్రమాదం ఉందా? జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే. "పేర్లు తీసేశాం సార్."

అలా చెప్పేవాళ్లు అబద్ధం ఆడటం లేదు. పేర్ల కాలమ్ నిజంగానే ఉండదు. మిగతావన్నీ ఉంటాయి. పుట్టిన తేదీ, పిన్ కోడ్, ఆడో మగో, ఊరు, వృత్తి, ఆస్పత్రిలో చేరిన రోజు, ఇంటికెళ్లిన రోజు, జబ్బు.

ఈమధ్య ఒక సంస్థ పంపిన ఎక్సెల్ ఫైల్లో గ్రామం, వయసు, వృత్తి అనే మూడు కాలమ్‌ల పక్కనే హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం ఉంది. ఒక వరుసలో వృత్తి దగ్గర "అంగన్‌వాడీ టీచర్" అని ఉంది. చిన్న గ్రామం. అక్కడ ఆ వయసు అంగన్‌వాడీ టీచర్లు ఎంతమంది ఉంటారు? ఆమె ఎవరో కనుక్కోవడానికి ఏ హ్యాకరూ అక్కర్లేదు, బస్సు దిగి మొదట కనపడిన మనిషిని అడిగితే ఇల్లు చూపిస్తాడు. ఆ ఫైలుకి పాస్‌వర్డ్ లేదు. మెయిల్ సీసీలో ఉన్నవాళ్లలో సగం మంది ఎవరో నాకు తెలియదు. నా దగ్గరున్న కాపీ తీసేసి, మళ్లీ సరిగ్గా తయారు చేసి పంపమని రాస్తే, "ఇది పరిశోధకుల మధ్యే ఉంటుంది కదా, మీకెందుకంత టెన్షన్" అని జవాబొచ్చింది.

హెచ్‌ఐవీ విషయంలో మన దేశంలో ప్రత్యేకంగా 2017లో చట్టమే చేశారు, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. ఒక మనిషి హెచ్‌ఐవీ స్థితిని అనుమతి లేకుండా బయటపెట్టకూడదనీ, ఆ వివరాలు తమ దగ్గర ఉంచుకునే సంస్థలు వాటికి రక్షణ కల్పించాలనీ అందులో ఉంది. ఆ ఫైలు తయారు చేసిన కుర్రాడికి ఆ చట్టం గురించి ఎవరూ చెప్పి ఉండరు. అతనికి చెప్పింది "పేర్లు తీసెయ్" అని. తీసేశాడు. అతన్ని నేను తప్పుపట్టను. తప్పుపట్టాల్సింది ఆ ఒక్క ముక్కతో తమ బాధ్యత తీరిపోయిందనుకునే పైవాళ్లని.

మెయిల్‌లో వెళ్లిన ఆ ఒక్క ఫైలు గురించే అయితే మీకు ఉత్తరం రాసేవాణ్ని కాదు. పేరు లేకపోతే మనిషి లేనట్టే అన్న నమ్మకం పెద్ద పెద్ద చోట్ల ఎలా బెడిసికొట్టిందో మా రంగంలో అందరికీ తెలిసిన కథలున్నాయి. మీ పాఠకులకూ తెలియాలి.

1990ల్లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య బీమా చూసే సంస్థ దాదాపు 1,35,000 మంది ఉద్యోగులు, వాళ్ల కుటుంబ సభ్యుల ఆస్పత్రి వివరాలను పరిశోధన కోసం ఇచ్చింది. పేర్లు, చిరునామాలు తీసేశారు. పుట్టిన తేదీ, లింగం, జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంచారు. లతన్యా స్వీనీ అనే ఆవిడ అప్పుడు అక్కడి ఎంఐటీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నారు. ఆవిడ 20 డాలర్లు పెట్టి ఆ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్ నగర ఓటర్ల జాబితా కొన్నారు. అందులో పేరు, చిరునామాతో పాటు పుట్టిన తేదీ కూడా ఉంటుంది. రాష్ట్ర గవర్నర్ విలియం వెల్డ్ ఉండేది ఆ నగరంలోనే. ఆయన పుట్టిన తేదీన పుట్టినవాళ్లు ఆ జాబితాలో ఆరుగురు, వాళ్లలో మగవాళ్లు ముగ్గురు, ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఆయన ఒక్కరే. అంతే, గవర్నర్‌గారి ఆస్పత్రి రికార్డు ఏదో తేలిపోయింది. పుట్టిన తేదీ, లింగం, జిప్ కోడ్ కలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మంది ఒక్కొక్కరుగా వేరుపడిపోతారని ఆవిడ తర్వాత 2000లో లెక్కగట్టారు. 2006లో ఇంకొకరు మళ్లీ లెక్కేసి 63 శాతం అన్నారు. నాకు ఆ తక్కువ అంకె చూసినా ధైర్యం రాదు.

2006లో నెట్‌ఫ్లిక్స్ సినిమాలకు ప్రేక్షకులు ఇచ్చిన రేటింగులు, సుమారు 10 కోట్లు, ఒక పోటీ కోసం బయటపెట్టింది. ఇచ్చింది దాదాపు 4,80,000 మంది చందాదారులు. పేర్లు లేవు. సినిమా పేరు, ఎన్ని నక్షత్రాలు, ఏ తేదీన, ఇంతే. టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉన్న అరవింద్ నారాయణన్ (మన ఐఐటీ మద్రాస్‌లో చదివినవారే), విటాలీ ష్మాటికోవ్ కలిసి చూపించిందేమిటంటే, ఒక మనిషి ఎనిమిది సినిమాలకు ఇచ్చిన రేటింగులు తెలిస్తే, అందులో రెండు తప్పయినా, తేదీలు రెండు వారాలు అటూ ఇటూ అయినా, 99 శాతం మందిని ఆ 10 కోట్ల కుప్పలోంచి లాగేయొచ్చని. రెండో విడత పోటీని 2010లో నెట్‌ఫ్లిక్స్ మానుకుంది. సినిమాలతోనే ఇంత పని అయితే మందుల చీటీల సంగతి చెప్పాలా?

"సార్, అవన్నీ అమెరికా కథలు" అని మా జూనియర్లు అంటుంటారు. మన దగ్గర ఇంకా తేలిక అంటాను నేను. ఓటర్ల జాబితా మనకీ ఉంది, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబరుతో సహా. దానికి తోడు మన దగ్గర ఒక విచిత్రం. పెద్ద వయసు వాళ్లలో చాలామంది పుట్టిన తేదీ జనవరి 1 అనో, జూలై 1 అనో ఉంటుంది. బడిలో చేర్చిన రోజున మాస్టారు వేసిన తేదీ అది. లెక్కల్లో ఆ తేదీల దగ్గర జనం గుట్టగా పోగవుతారు. వాళ్లు ఒకరి వెనక ఒకరు దాక్కున్నట్టే. అసలు పుట్టినరోజు రాయించుకున్నవాళ్లు మాత్రం ఆ వయసు వాళ్లలో ఇట్టే దొరికిపోతారు. ఇది ఏ అమెరికా పాఠ్యపుస్తకంలోనూ ఉండదు, రికార్డులు చూసి చూసి తెలుసుకోవాల్సిందే.

ఇంకొంచెం తెలివైనవాళ్లు చెప్పే మాట: "ఫోన్ నంబర్లు హ్యాష్ చేశాం." అంటే నంబరును ఒక సూత్రంలో వేసి గజిబిజి అక్షరాలుగా మార్చడం. వెనక్కి తిప్పలేం అంటారు. సూత్రాన్ని వెనక్కి తిప్పలేకపోవచ్చు. కానీ మన మొబైల్ నంబరులో పది అంకెలే, మొదటిది 6, 7, 8, 9ల్లో ఏదో ఒకటి. మొత్తం కలిపి 400 కోట్లకు మించవు. ఆ 400 కోట్ల నంబర్లనూ అదే సూత్రంలో వేసి జాబితా తయారు చేసుకోవడం మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌కి నిమిషాల పని. ఆ జాబితాలో వెతుక్కుంటే ఏ గజిబిజి ఎవరి నంబరో తెలిసిపోతుంది. ఆధార్ నంబరుకి పన్నెండు అంకెలున్నా, మొదటి అంకె 0 గానీ 1 గానీ కాదు, చివరి అంకె ముందున్నవాటి నుంచి వచ్చేదే. కాబట్టి 8,000 కోట్లు. కాస్త ఎక్కువసేపు పడుతుందేమో, అంతే. 2014లో న్యూయార్క్ టాక్సీల డేటా సరిగ్గా ఇలాగే విడిపోయింది. 17 కోట్లకు పైగా ప్రయాణాల వివరాలు, టాక్సీ నంబర్లు హ్యాష్ చేసి ఇచ్చారు, ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కూర్చుని విప్పేశాడు. హ్యాష్ చేసే ముందు ఒక రహస్య తాళంచెవి కలిపి, దాన్ని వేరేచోట భద్రంగా దాస్తే ఈ గొడవ ఉండదు. అది చేసేవాళ్లు నాకు అరుదుగానే కనపడ్డారు.

ఈ ఉత్తరం కింద నా పేరు వేయొద్దని మనవి. వేయకపోయినా, వైద్య పరిశోధన, స్టాటిస్టిషియన్, వచ్చిన ఫైళ్లు తిప్పిపంపే చాదస్తం, ఈ మూడూ కలిస్తే మా విభాగంలో ఎవరైనా ఇది రాసింది నేనేనని రెండో పేరాకే చెప్పేస్తారు. నాకు దానివల్ల పోయేదేమీ లేదు. ఆ అంగన్‌వాడీ టీచర్ పరిస్థితి అలా కాదు.

మరి ఏం చేయాలి, డేటా మొత్తం తాళం వేసి పెట్టుకోవాలా అంటే, అలా అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఏమిటో వెతకాలంటే ఏ ఊళ్లో ఎంతమందికి వచ్చింది, వాళ్లు ఏ నీళ్లు తాగారు, ఏ పొలంలో పనిచేశారు అన్నదే కీలకం. ఊరు తీసేస్తే పరిశోధనే లేదు. మా కేన్సర్ డాక్టర్ ఒకావిడ నాతో గట్టిగానే పోట్లాడింది. "మీరు తేదీలు తీసేస్తే కీమోకీ కీమోకీ మధ్య ఎన్ని రోజులో నాకెలా తెలుస్తుంది? మీ జాగ్రత్తకి నా రోగులు బలి" అంది. ఆవిడ అడిగింది న్యాయమే. ఒక్కో రోగికి ఒక్కో సంఖ్య ఎంచుకుని, ఆ రోగి తేదీలన్నీ అన్ని రోజులు జరిపేశాను. మధ్యలో వ్యవధి చెక్కుచెదరదు, అసలు తేదీ మాత్రం ఎవరికీ తెలియదు. వయసు 89 దాటితే "90, ఆపైన" అని ఒకే గుంపులో వేస్తాను. ఇది అమెరికా ఆరోగ్య డేటా నిబంధనల్లో ఉన్న పద్ధతే, అక్కడ తీసేయాల్సిన గుర్తింపు వివరాలు 18 రకాలని జాబితా రాసిపెట్టారు. ఊరు తప్పనిసరి అయినచోట ఫైలు బయటికి ఇవ్వను. పరిశోధకులే మా దగ్గరకొచ్చి, ఇంటర్నెట్ లేని కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసుకోవాలి. వెళ్లేటప్పుడు పట్టికలు మాత్రమే తీసుకెళ్తారు, అవీ నేను చూశాకే.

కనీసం ఐదుగురు ఉంటే తప్ప పట్టికలోని ఏ గడిలోనూ అంకె వేయకూడదని చాలాచోట్ల ఒక పద్ధతి ఉంది. మంచిదే, అయినా దాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. ఒక గ్రామంలో ఒక వయసు మగవాళ్లు ఐదుగురు ఉండి, ఐదుగురికీ అదే జబ్బు ఉంటే, ఎవరెవరో వేరుచేసి చూడాల్సిన పనేముంది? ఆ గుంపులో మీ పక్కింటాయన ఉంటే చాలు, ఆయన జబ్బేమిటో తెలిసిపోతుంది.

ఇప్పుడు చట్టం సంగతి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తర్వాత వచ్చిన 2019 వ్యక్తిగత డేటా బిల్లులో 82వ క్లాజు ఒకటుండేది. గుర్తింపు వివరాలు తొలగించిన డేటాని అనుమతి లేకుండా, కావాలని, మళ్లీ ఫలానా మనిషిదని తవ్వి తీస్తే మూడేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 2022 ఆగస్టులో ఆ బిల్లును ఉపసంహరించుకున్నారు. దాని స్థానంలో వచ్చిన 2023 వ్యక్తిగత డేటా చట్టంలో ఆ క్లాజు లేదు. నిజాయితీగా డేటా భద్రతను పరీక్షించే పరిశోధకుల్ని కూడా ఆ క్లాజు జైలుకి పంపుతుందన్న భయం అప్పట్లో కొందరికి ఉండేది, అందులో అర్థముంది. కానీ బ్రిటన్ 2018లో చేసిన చట్టం చూడండి. 171వ సెక్షన్‌లో ఇదే పనిని నేరం చేసి, ఆ వెంటనే 172లో పరీక్ష కోసం చేసేవాళ్లకి షరతులతో దారి వదిలింది. మనమూ అలా సవరించుకోవచ్చు. సవరించే బదులు తీసేశాం.

2023 చట్టం అసలు పనికిరాదని నేను అనను. ఒక మనిషిని గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ డేటా అయినా వ్యక్తిగత డేటాయేనని దాని నిర్వచనం. శ్రద్ధగా చదివితే పేరు లేని నా ఎక్సెల్ ఫైలు కూడా అందులోకి వస్తుంది. భద్రత చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల వరకు జరిమానా వేయొచ్చు. కానీ గుర్తుపట్టే వీలు ఉందా లేదా అన్నది ఎలా తేల్చాలి? యూరప్ నిబంధనల్లో దీనికి ఒక కొలత ఉంది. ఎంత ఖర్చవుతుంది, ఎంత సమయం పడుతుంది, ఇప్పుడున్న టెక్నాలజీతో సాధ్యమేనా, ఇవన్నీ చూసి, ఎవరైనా వాడే అవకాశం ఉన్న మార్గాలన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మన చట్టంలో అలాంటి కొలత లేదు. పరిశోధన, గణాంకాల పనికి ఆ చట్టం నుంచి మినహాయింపు ఉంది, ఆ డేటాతో ఫలానా వ్యక్తి మీద నిర్ణయం తీసుకోకూడదు, ప్రమాణాలు పాటించాలి అన్న షరతులతో. 2025 నవంబర్‌లో వచ్చిన నియమాల్లో ఆ ప్రమాణాలు రాశారు: అవసరమైన మేరకే డేటా, అవసరమైనంత కాలమే, తగిన భద్రత. అన్నీ మంచి మాటలే. ఎంత చిన్న గుంపు వివరాలు బయటపెట్టకూడదు, తేదీలు ఏం చేయాలి, ఫైలు అందుకున్నవాడు దాన్ని మళ్లీ తవ్వితే ఏమిటి అన్నవి అందులో నాకు కనపడలేదు. పౌరులు అబద్ధపు ఫిర్యాదు చేస్తే 10,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చని మాత్రం చట్టంలో గుర్తుపెట్టుకుని రాశారు!

ఇందులో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, గుర్తింపు వివరాలు తొలగించిన పాత రికార్డులతో చేసే పరిశోధనకి రోగి సమ్మతి అక్కర్లేదని, పరిశోధనల్లో నైతికత చూసే ఎథిక్స్ కమిటీ మినహాయింపు ఇవ్వొచ్చు. ఉద్దేశం మంచిదే, పాతికేళ్ల నాటి రోగులందర్నీ వెతికి సంతకాలు తెమ్మంటే ఏ పనీ జరగదు. కానీ "పేర్లు తీసేశాం" అన్న ఒక్క వాక్యం ఎక్కడ వాడుతున్నారో చూడండి. రోగిని అడగకుండా ఉండటానికి అనుమతి తెచ్చేది అదే. ఆ వాక్యం నిజమో కాదో చూడకుండానే సంతకం పెడితే, రోగికి చెప్పుకునే అవకాశం పోయింది, రక్షణా పోయింది.

కాబట్టి నేను కోరేవి మరీ పెద్దవేం కావు. ఎథిక్స్ కమిటీలు అర్జీతో పాటు ఆ ఫైల్లోని కాలమ్‌ల జాబితా కూడా అడగాలి. కమిటీలో డేటా తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండాలి. వాళ్లు ఆ కాలమ్‌లతో ఒక మనిషిని పట్టుకోగలరేమో కూర్చుని ప్రయత్నించి చూడాలి. నా అనుభవంలో గంటకి మించి పట్టే పని కాదు. ఫైలు అందుకునేవాళ్లు ఎవర్నీ గుర్తుపట్టే ప్రయత్నం చేయబోమని, వేరొకరికి ఇవ్వబోమని, పని అయ్యాక చెరిపేస్తామని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ ఒప్పందానికి వెనక చట్టం బలం ఉండాలంటే 82వ క్లాజు లాంటిది, బ్రిటన్ తరహా మినహాయింపుతో, తిరిగి రావాలి. నియమాల్లోని ప్రధాన బాధ్యతలు అమలవడానికి 18 నెలల గడువిచ్చారు కనుక సవరణలు అడగడానికి ఇదే సమయం.

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిపే జనగణనలో కులం వివరాలు కూడా సేకరించాలని నిర్ణయించారు, అదీ డిజిటల్‌గా. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. ఆ రక్షణ గట్టిదే. నా ప్రశ్న ప్రచురించే పట్టికల గురించి. ఒక గ్రామంలో ఒక కులం వాళ్లు రెండే కుటుంబాలు ఉంటే, ఆ కులం, వయసు, చదువు, వైకల్యం అన్నీ కలిపి పట్టిక వేస్తే అది ఆ రెండిళ్ల రేషన్ కార్డు ప్రచురించినట్టే. అమెరికా జనగణన సంస్థ 2010 పట్టికల నుంచి వ్యక్తుల వివరాలు తిరిగి కూర్చవచ్చని తానే పరీక్షించుకుని, 2020 జనగణనకి ప్రచురించే అంకెల్లో లెక్కప్రకారం చిన్న చిన్న మార్పులు కలిపింది. దానివల్ల చిన్న ఊళ్ల లెక్కలు పాడయ్యాయని అక్కడ గొడవలూ అయ్యాయి. మన దగ్గర ఏ పద్ధతి పాటిస్తారు, గ్రామ స్థాయిలో ఎంత చిన్న గుంపు దాకా అంకెలు ఇస్తారు అన్నది పట్టికలు వచ్చాక కాదు, ముందే చెప్పాలి. మీ విలేకరులు జనగణన చేసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయాన్ని ఈ ప్రశ్న అడిగి, వచ్చిన జవాబు ప్రచురిస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక స్టాటిస్టిషియన్
(పేరు, ఊరు ప్రచురించవద్దు)